పిల్లవాడు తప్పితే తప్పెవరిది?
డాక్టర్ జాకీర్ హుస్సేన్ బడి జీవితం

ప్రతి ఏటా పదో తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజున మన వీధులు రెండుగా చీలిపోతాయి. పాసయిన పిల్లవాడి ఇంటి నుంచి నలుగురిళ్ళకూ మిఠాయి వెళుతుంది. తప్పిన పిల్లవాడి ఇంటి తలుపు మూసి ఉంటుంది. లోపల తండ్రి కోప్పడుతుంటాడు, తల్లి కన్నీరు పెట్టుకుంటుంది, వచ్చిన చుట్టాలు ఫలానావారి అబ్బాయికి ఎన్ని మార్కులు వచ్చాయో ఏకరువు పెడతారు. పాఠం చెప్పిన ఉస్తాదును ఎవరూ ఏమీ అడగరు. బడి నడిపేవారిని అడగరు. పాఠ్యక్రమం తయారు చేసినవారినీ, ప్రశ్నపత్రం కూర్చినవారినీ అసలే అడగరు. నేరమంతా పదిహేనేళ్ళ బిడ్డ నెత్తిన వేసి పెద్దలమంతా పక్కకు తప్పుకుంటాం.

పిల్లవాడు తప్పితే ఆ తప్పు ఎవరిదని 1937లోనే ఒక కమిటీ నివేదిక విచారించింది. ఆ కమిటీకి అధ్యక్షుడు మన హైదరాబాదులో పుట్టిన డాక్టర్ జాకీర్ హుస్సేన్. భారతదేశ మూడవ రాష్ట్రపతిగా ఆయన పేరు పిల్లల జనరల్ నాలెడ్జి పుస్తకాలన్నిటిలో ఉంటుంది. అయితే రాష్ట్రపతి పదవిలో ఆయన ఉన్నది రెండేళ్ళు మాత్రమే. అంతకుముందు ఇరవై రెండేళ్ళ పాటు ఆయన ఒక పేద విద్యాసంస్థను నడిపిన ఉస్తాదు. ఆ ఉస్తాదు జీవితాన్ని మన పాఠకులతో పంచుకోవాలని ఈ వారం సంకల్పించాం.

బేగంబజారు నుంచి ఇటావాకు

జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారి వంశీకులు ఆఫ్రిదీ పఠాన్లు. నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌లో స్థిరపడినవారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు నిజాం రాజ్యానికి తరలివచ్చి వకీలుగా మంచి పేరు గడించారు. బేగంబజారులో వారి నివాసం. ఏడుగురు కొడుకులలో జాకీర్ మూడవవాడు. బాల్యంలో తొలి చదువు ఇక్కడే సాగింది.

1907లో తండ్రి క్షయవ్యాధితో మరణించారు. అప్పటికి జాకీర్‌కు పదేళ్ళు. ఆ కుటుంబం హైదరాబాదు విడిచి ఖాయంగంజ్‌కు తిరిగివెళ్ళింది. పిల్లవాడిని ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్చి హాస్టలులో ఉంచారు. 1911లో ప్లేగు వచ్చి తల్లి నాజ్నీన్ బేగం గారిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళకే తల్లీతండ్రీ లేనివాడైన ఆ బాలుడికి బడే ఇల్లయింది. ఆ బడి ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారి క్రమశిక్షణ, నిరాడంబరత ఆయన మనసుపై చెరగని ముద్ర వేశాయి. పిల్లవాడికి ఉస్తాదు అంటే ఏమిటో, హాస్టలులో ఒంటరిగా ఉన్న బిడ్డకు ఒక మంచి మాట ఎంత అవసరమో జాకీర్ హుస్సేన్ పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు, అనుభవించి తెలుసుకున్నారు.

డిగ్రీని వదులుకున్న విద్యార్థి

1913లో ఆయన అలీగఢ్‌లోని మహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. మొదట వైద్యుడు కావాలని లక్నోకు వెళ్ళినా అనారోగ్యం వల్ల ఆ చదువు సాగలేదు. మళ్ళీ అలీగఢ్ వచ్చి 1918లో బి.ఏ. పూర్తిచేసి పై చదువులో చేరారు. తెలివైన విద్యార్థి, మంచి వక్త. మరికొంత కాలం ఓపిక పడితే సర్కారు కొలువు చేతికందేది.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. అవి ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాల రోజులు. సర్కారు సహాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచి రావలసిందిగా వారు విద్యార్థులను కోరారు. ఆ పిలుపు అందుకున్నవారిలో జాకీర్ హుస్సేన్ ఒకరు. 1920 అక్టోబరు 29న అలీగఢ్ కళాశాల మసీదులో మౌలానా మహమూద్ హసన్ గారి చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. హకీం అజ్మల్ ఖాన్ ఛాన్సలర్, మౌలానా ముహమ్మద్ అలీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ కొత్త సంస్థ ఇచ్చే పట్టాకు సర్కారు గుర్తింపు లేదు. అక్కడ చదివితే కొలువు దొరకదు. ఈ సంగతి తెలిసే జాకీర్ హుస్సేన్ అందులో చేరారు. నౌకరీ కోసం కాక చదువు కోసమే చదువు నేర్పే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన ఆయనలో అక్కడే వేళ్ళూనుకుంది.

1922లో ఆయన జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు సాధించారు. చదువు అర్థశాస్త్రమైనా మనసంతా బడుల మీదనే. మ్యూనిక్ నగరంలో పాఠశాలలను సంస్కరించిన కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త ఆలోచనలు ఆయనను బాగా ఆకట్టుకున్నాయి. పిల్లవాడు చెప్పింది విని అప్పజెప్పడం వల్ల కాక, ఒక పనిని ఆలోచించి, పథకం వేసుకొని, చేతులతో చేసి, చేసినదానిలోని లోపాలను తానే సరిదిద్దుకోవడం వల్ల ఎదుగుతాడన్నది ఆ ఆలోచనల సారం. ఉర్దూ సాహిత్యాన్నీ ఆయన మరువలేదు. 1925లో బెర్లిన్‌లోని కావియానీ ప్రెస్సులో గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించారు.

జీతాలు లేని బడి

ఇటు దేశంలో పరిస్థితి మారిపోయింది. 1924లో టర్కీలోనే ఖిలాఫత్ రద్దయింది. ఉద్యమం చల్లబడింది, చందాలు ఆగిపోయాయి. జామియాను మూసివేద్దామని పెద్దలలో కొందరు తలపోశారు. ఈ వార్త విని జాకీర్ హుస్సేన్, ఆయన మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ ముగ్గురూ జర్మనీ నుంచి కబురు పంపారు. తాము వచ్చి పనిచేస్తామనీ, అంతవరకూ సంస్థను మూయవద్దనీ దాని సారాంశం. హకీం అజ్మల్ ఖాన్ పూనికతో 1925లో జామియా అలీగఢ్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌కు మారింది. 1926లో తిరిగివచ్చిన జాకీర్ హుస్సేన్ ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో దాని వైస్ ఛాన్సలర్, అంటే షేఖుల్ జామియా, అయ్యారు.

పదవి పేరు పెద్దదే గాని పెట్టె ఖాళీ. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ కూడా కన్నుమూయడంతో ఉన్న ఆసరా పోయింది. అప్పుడు జాకీర్ హుస్సేన్, ఆయన సహచరులు ఒక ప్రతిజ్ఞ పూనారు. ఇరవై ఏళ్ళ పాటు జామియాను విడిచి వెళ్ళరాదు, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోరాదు. నిజానికి ఆయన తీసుకున్నది అంతకంటే తక్కువే. అదీ నెలనెలా సరిగా అందేది కాదు. విదేశంలో డాక్టరేటు పొందిన మనిషి, పెళ్ళాంబిడ్డలున్న మనిషి, ఈ విధంగా జీవించారు. జామియా చరిత్ర రాసినవారందరూ ఈ ఉస్తాదుల ఇళ్ళలో గడిచిన కష్టకాలాన్ని ప్రస్తావించకుండా ఉండలేకపోయారు.

ఆయనకు జామియాలో అన్నిటికంటే ఇష్టమైనది చిన్నపిల్లల బడి. అబ్దుల్ గఫ్ఫార్ ముధోలీ వంటి ఉస్తాదులు అక్కడ పనుల ద్వారా చదువు చెప్పే పద్ధతిని ప్రవేశపెట్టారు. పిల్లలకు సొంత బ్యాంకు, సొంత దుకాణం, సొంత తోట ఉండేవి. బ్యాంకు లెక్కలు రాసే పిల్లవాడికి వడ్డీ లెక్క వేరుగా నేర్పనక్కరలేదు. దుకాణం నడిపేవాడికి తూనికలు కొలతలు, తోట పెంచేవాడికి నేల, నీరు, రుతువులు పాఠాలయ్యేవి. జర్మనీలో ఆయనకు పరిచయమైన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు వనిత తన దేశం విడిచివచ్చి ఈ పసిపిల్లలకు సేవ చేసి, 1943లో ఇక్కడే తనువు చాలించారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. బడిలో అందరికంటే చిన్నవాడైన అబ్దుల్ అజీజ్ అనే విద్యార్థి చేత రాయి వేయించారు.

ఆయన గురించి రెండు ఉదంతాలు జామియావారు ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లలు మురికి బూట్లతో బడికి రావడం చూసి, ఎన్నిసార్లు చెప్పినా ఫలితం లేకపోవడంతో, ఒకరోజు షేఖుల్ జామియా గారే బ్రష్షు, పాలిష్ పట్టుకొని గేటు వద్ద కూర్చున్నారట. వచ్చిన పిల్లవాడి బూట్లు తానే తుడవసాగారు. మరునాటి నుంచి మరొకసారి చెప్పవలసిన అవసరం రాలేదు. రెండవది గుండె కరిగించేది. చిన్నపిల్లల బడిలో ఆయన మిఠాయిలు పంచుతుండగా నౌకరు వచ్చి చెవిలో ఏదో చెప్పి వెళ్ళాడు. ఆయన ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు, చిరునవ్వు చెదరలేదు. చివరి పిల్లవాడికి కూడా మిఠాయి ఇచ్చిన తరువాతే ఇంటికి వెళ్ళారు. ఆయన చిన్నారి కూతురు రెహానా చనిపోయిందన్నది ఆ కబురు. ఇంతమంది పిల్లల సంతోషాన్ని మధ్యలో తెంచడానికి ఆయన మనసు ఒప్పలేదు. పిల్లల కోసం రాసిన కథలను ఆయన రుఖయ్యా రెహానా పేరుతోనే ప్రచురించారు. అబ్బూ ఖాన్ కీ బక్రీ కథ ఆ పేరుతో వచ్చిందే.

ఫలితాలకు డబ్బు

ఇక అసలు విషయానికి వద్దాం. పరీక్ష మీద ఉస్తాదుల వాదవివాదాలు ఈనాటివి కావు. 1862లో ఇంగ్లండు ప్రభుత్వం ఒక నియమావళి తెచ్చింది. దాని ప్రకారం ఇన్‌స్పెక్టరు బడికి వచ్చి ఒక్కొక్క పిల్లవాడిని చదవడం, రాయడం, లెక్కలు మూడింటిలో పరీక్షించాలి. ఎందరు నెగ్గితే బడికి అంత గ్రాంటు. తప్పిన పిల్లవాడి లెక్కన డబ్బు కోత. ఉస్తాదు జీతం కూడా దానిపైనే ఆధారపడింది. చదువు చౌకగా, లెక్కాజమాతో నడవాలన్నదే ఉద్దేశం. కాని జరిగినది వేరు. పరీక్షలో లేని విషయాలు బడిలో అడుగంటాయి. ఇన్‌స్పెక్టరు ఏ పుస్తకం అడుగుతాడో ఆ పుస్తకాన్ని పిల్లలు చూడకుండా అప్పజెప్పేలా తయారు చేశారు. స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరు అయిన కవి మాథ్యూ ఆర్నాల్డ్ దీనిని గట్టిగా వ్యతిరేకించాడు. ఉపాధ్యాయులు ఏళ్ళ తరబడి పోరాడారు. మూడు దశాబ్దాల తరువాత గాని ఆ పద్ధతి అక్కడ సడలలేదు.

అదే పద్ధతి మన దేశానికీ వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఉన్న నాటి మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే విధానం పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం నడిచింది. 1904లో భారత ప్రభుత్వం తన విద్యా తీర్మానంలో దానిని విడిచిపెట్టింది. గ్రాంటు పద్ధతి పోయింది గాని మెట్రిక్యులేషను పట్టు పోలేదు. పై తరగతి పరీక్ష కింది తరగతులన్నిటినీ తన వైపు ఈడ్చుకుంది. బడి అంటే పరీక్షకు తయారు చేసే కార్ఖానా అయింది. 1937 నాటికి ఉన్న పరిస్థితి ఇది.

వార్ధాలో నిర్భయంగా

1937లో అనేక రాష్ట్రాలలో కాంగ్రెసు మంత్రివర్గాలు ఏర్పడ్డాయి. అందరికీ ఉచిత విద్య ఇవ్వాలి, మరి డబ్బేదీ? అప్పట్లో విద్యకు ఖర్చుపెట్టే సొమ్ములో పెద్ద భాగం మద్యం మీద వచ్చే ఆదాయం. మద్యం మానిపిస్తే బడులు మూతపడతాయి. ఈ చిక్కుకు గాంధీజీ ఒక మార్గం సూచించారు. బడిలో పిల్లలకు నూలు వడకడం వంటి వృత్తి నేర్పి, దాని ద్వారానే చదువు చెప్పాలి. పిల్లలు తయారు చేసిన వస్తువుల అమ్మకంతో ఉస్తాదు జీతం గడవాలి. దీనిని చర్చించడానికి 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో విద్యావేత్తల సభ జరిగింది.

గాంధీజీ అధ్యక్షత వహించిన సభ. ఎదురు చెప్పడానికి ఎవరైనా వెనుకాడతారు. జాకీర్ హుస్సేన్ లేచి తన అభిప్రాయం దాపరికం లేకుండా వెలిబుచ్చారు. పని ద్వారా చదువు కొత్త విషయమేమీ కాదనీ, విద్యారంగంలో ఉన్నవారికి ఇది ప్రాజెక్టు పద్ధతిగా తెలిసినదేననీ అన్నారు. బడి తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న షరతులో ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఉస్తాదు జీతం పిల్లవాడు వడికిన నూలు మీద ఆధారపడితే, ఆ ఉస్తాదు కంటికి పిల్లవాడు విద్యార్థిగా కనిపించడు, కూలివాడిగా కనిపిస్తాడు. ఇంగ్లండులో మార్కులకు డబ్బు ముడిపెట్టినప్పుడు జరిగినదే ఇక్కడ నూలుకు డబ్బు ముడిపెడితే జరుగుతుంది. కొలిచే వస్తువు మారినా భారం మోసేది బిడ్డే.

గాంధీజీ గొప్పదనం ఏమిటంటే, తన పథకాన్ని విమర్శించిన మనిషినే పాఠ్యప్రణాళిక తయారు చేసే కమిటీకి అధ్యక్షునిగా నియమించారు. ఆచార్య వినోబా, కాకా కాలేల్కర్, కె.జి.సయ్యదైన్, జె.సి.కుమరప్ప, ఆర్యనాయకం వంటివారు సభ్యులు. 1937 డిసెంబరు 2న నివేదిక గాంధీజీకి అందింది.

నివేదిక ఏం చెప్పింది?

ఏడేళ్ళ వయసు నుంచి పద్నాలుగేళ్ళ వరకు ఏడేళ్ళ ఉచిత నిర్బంధ విద్య, అదీ మాతృభాషలో. రోజుకు అయిదున్నర గంటల బడి, అందులో మూడు గంటల ఇరవై నిమిషాలు వృత్తిపనికి. తరగతిలో ముప్పై మందికి మించరాదు. ఉస్తాదులకు మంచి శిక్షణ ముందు కావాలి. పిల్లల నుంచి వీలైనంత పని రాబట్టాలన్న ఆశతో చదువును బలిపెట్టే ప్రమాదం ఉందని నివేదిక తన పథకం గురించి తానే హెచ్చరించింది.

పరీక్షల విషయంలో నివేదిక మాట మరీ సూటిగా ఉంది. మన దేశంలో నడుస్తున్న పరీక్షా విధానం విద్యకు శాపంగా పరిణమించిందని అది తేల్చింది. ఆ పరీక్షలు ఒక్కొక్క పిల్లవాడి పనికి గాని, బడి పనికి గాని సరైన కొలత కావని పేర్కొంది. అయితే కొలతే వద్దని చెప్పలేదు. ఒక ప్రాంతంలోని బడులు ఎలా నడుస్తున్నాయో తెలియాలంటే, ఎంపిక చేసిన కొందరు పిల్లలను విద్యాశాఖవారు పరీక్షిస్తే చాలునని సూచించింది. అన్నం ఉడికిందా లేదా తెలుసుకోవడానికి నాలుగు మెతుకులు పట్టి చూస్తాం గాని కుండ మొత్తం కుమ్మరించం కదా! పిల్లవాడు పై తరగతికి వెళ్ళాలా వద్దా అన్నది మాత్రం ఏడాది పొడుగునా అతని పనిని రాసి ఉంచుకున్న బడి ఉస్తాదులే నిర్ణయించాలి.

అన్నిటికంటే విలువైన మాట ఆ తరువాత వస్తుంది. వీలైనంతవరకు ఏ పిల్లవాడినీ అదే తరగతిలో ఆపరాదు. ఒక తరగతిలో చాలామంది తప్పితే ఆ ఉస్తాదు పనిని పరిశీలించాలి. బడి మొత్తంలో అలా జరిగితే ఆ బడి నిర్వహణను పరిశీలించాలి. బడులన్నిటిలోనూ ఫలానా తరగతిలోనే ఎక్కువమంది తప్పుతుంటే పాఠ్యక్రమంలోనే, ఆ తరగతికి పెట్టిన ప్రమాణంలోనే లోపం ఉందని గ్రహించి దానిని సరిదిద్దాలి. మన ఇళ్ళలో వేలు కింది నుంచి మొదలై పిల్లవాడి దగ్గరే ఆగిపోతుంది. ఆ నివేదికలో వేలు మెట్టు మెట్టుగా పైకి వెళుతుంది.

ఈ భాగం చదివినప్పుడల్లా మాకు సిగ్గు కలుగుతుంది. మేము చదివిన మద్రసాలో పాత సబఖ్ విని, అది వచ్చిందని తెలిసిన తరువాతే ఉస్తాదు కొత్త సబఖ్ ఇచ్చేవారు. రానివాడిని పక్కన కూర్చోబెట్టుకొని మళ్ళీ చెప్పేవారు. అలా చదువుకున్న మేమే, ఉస్తాదులమైన తరువాత, ఒక బడిలో నూటికి నూరు శాతం ఫలితం చూపించాలన్న పట్టుదలలో ఒక పనికి ఒడిగట్టాం. లెక్కల్లో వెనుకబడిన ఒక అబ్బాయి తండ్రిని పిలిపించి, బిడ్డను బడి నుంచి తీసుకువెళ్ళి ప్రైవేటుగా పరీక్ష రాయించుకోమని నచ్చచెప్పాం. ఆయన చదువురాని మనిషి. ఉస్తాదు మాట కాదనలేక తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది బడికి నూరు శాతం వచ్చింది. ఆ అబ్బాయి పరీక్ష రాయనేలేదు, వెల్డింగు షాపులో పనికి కుదిరాడు. ఇప్పటికీ ఎదురైతే సలాం చెబుతాడు. చూపు తిప్పుకునేది మేమే. ఆనాడు తప్పినది అతను కాదని మాకు తెలుసు.

రెండు వైపుల నుంచి రాళ్ళు

1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు ఈ పథకాన్ని ఆమోదించింది. హిందుస్తానీ తాలీమీ సంఘ్ ఏర్పడి జాకీర్ హుస్సేన్ దానికి అధ్యక్షులయ్యారు. అదే ఏడు జామియాలో ఉస్తాదోఁ కా మద్రసా పేరిట ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రారంభమైంది. పరీక్షను తీసేయడం ఒక్క ఉత్తర్వుతో అవుతుంది, పరీక్ష లేకున్నా చదువు చెప్పగల ఉస్తాదును తయారు చేయడమే కష్టం. ఆయన తన శక్తిని ఆ కష్టమైన పని మీదనే పెట్టారు.

విమర్శలు అన్ని వైపుల నుంచీ వచ్చాయి. చేతిపనికి అన్ని గంటలు కేటాయిస్తే చదువెప్పుడని కొందరు ఉపాధ్యాయులు అడిగారు. ధనికుల బిడ్డలకు ఇంగ్లీషు, పేదల బిడ్డలకు రాట్నమా అని మరికొందరు ప్రశ్నించారు. ఆయన సొంత ఖౌమ్‌లోనే వ్యతిరేకత తీవ్రంగా వచ్చింది. పథకంలో మతబోధకు చోటు లేదనీ, ఇది ఒక పార్టీ సిద్ధాంతాన్ని పిల్లలకు నూరిపోయడమేననీ ముస్లింలీగు నాయకులు ఆక్షేపించారు. 1938లో లీగు ప్రచురించిన పీర్‌పూర్ నివేదిక కూడా దీనిని తప్పుపట్టింది. వాటిలో కొన్ని ఆలోచించదగిన అభ్యంతరాలే. అయితే పరీక్షల గురించి నివేదిక చెప్పిన అమూల్యమైన మాట ఈ రాజకీయ రొదలో ఎవరికీ వినిపించలేదు. జాకీర్ హుస్సేన్ నిందలకు నింద బదులివ్వలేదు. తన బడి తాను నడుపుకున్నారు. 1946 నవంబరులో జామియా రజతోత్సవ వేదిక మీద కాంగ్రెసు, లీగు అగ్రనాయకులను ఒకచోట కూర్చోబెట్టగలిగారంటే ఆ మౌనానికి ఎంత గౌరవం దక్కిందో ఊహించవచ్చు. 1947 ఆగస్టులో జలంధర్ రైల్వే స్టేషనులో అల్లరిమూకల చేతుల్లో ఆయన ప్రాణం పోవలసింది. ఒక సిక్కు అధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి కాపాడారు.

1948లో ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలరుగా వెళ్ళి 1956 వరకు దానిని నిలబెట్టారు. అదే కాలంలో డాక్టర్ రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌లో సభ్యులుగా ఉన్నారు. విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక సంస్కరణ సూచించమంటే తాము పరీక్షల సంస్కరణనే సూచిస్తామని ఆ కమిషన్ ప్రకటించింది. దిద్దేవారి ఇష్టాయిష్టాలకు తావులేని శాస్త్రీయమైన ప్రశ్నపత్రాలను ప్రవేశపెట్టాలని కూడా అది కోరింది. కొలత న్యాయంగా ఉండాలి, కొలత వల్ల చదువు చెడిపోరాదు. 1937లోనూ, 1949లోనూ ఆయన సంతకం చేసిన నివేదికల అభిమతం ఇదే.

మౌలిక విద్య మాత్రం ఆయన ఆశించినట్లు సాగలేదు. బడులకు బోర్డులు మారాయి, రాట్నాలు వచ్చాయి, శిక్షణ పొందిన ఉస్తాదులు రాలేదు. మొక్కుబడి నూలు, మొక్కుబడి తనిఖీ మిగిలాయి. పై చదువుల పరీక్షలు ఎప్పటిలాగే ఉండడంతో తల్లిదండ్రులు తమ బిడ్డలను పాత బడులకే పంపారు. తన పేరుతో ముడిపడిన పథకమే అయినా, అది నడుస్తున్న తీరు సరిగా లేదని ఆయన బహిరంగంగానే విచారం వ్యక్తం చేశారు. తన పనికి తానే పరీక్షకుడై, తానే మార్కులు తగ్గించుకున్న నిజాయితీ అది.

ఆ తరువాత 1957 నుంచి బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. ఆ పదవిని అలంకరించిన మొదటి ముస్లిం ఆయన. గులాబీలంటే ఆయనకు ప్రాణం. 1969 మే 3న పదవిలో ఉండగానే ఢిల్లీలో పరమపదించారు. ఆయనను సమాధి చేసినది రాజులు, మంత్రులు నిద్రించే చోట కాదు, పిల్లలు చదువుకునే జామియా ప్రాంగణంలో.

వివాదం ఇంకా ముగియలేదు

2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ఏ బిడ్డనూ అదే తరగతిలో ఆపరాదని నిర్దేశించింది. ఉస్తాదులలో వెంటనే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. భయం పోయిందని కొందరు సంతోషించారు. చదవడం రాని పిల్లలు ఎనిమిదో తరగతికి వస్తున్నారని కొందరు మొత్తుకున్నారు. 2019లో చట్టాన్ని సవరించి, అయిదు, ఎనిమిది తరగతులలో పరీక్ష పెట్టి తప్పినవారిని ఆపే వీలు కల్పించారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకు ఆ నియమాన్ని వర్తింపజేసింది. మరోవైపు కొందరు పిల్లలను మాత్రమే పరీక్షించి జిల్లాల స్థితిని అంచనా వేసే పద్ధతి కూడా నడుస్తోంది. అది 1937 నివేదిక చూపిన దారికి దగ్గరగా ఉన్నదే.

మొత్తుకున్న ఉస్తాదుల మాట అబద్ధం కాదు. మేమూ అటువంటి పిల్లలకు పాఠాలు చెప్పాం. కాని జాకీర్ హుస్సేన్ కమిటీ చెప్పినది పిల్లవాడిని నేర్పకుండా పైకి తోసేయమని కాదు. తప్పినవారి సంఖ్య చూసి పెద్దలు తమ పనిని పరీక్షించుకోవాలని చెప్పింది. మనం మొదటి సగం తీసుకొని రెండవ సగం వదిలేశాం. ఆ తరువాత మొదటి సగం పనిచేయలేదని దానినీ తీసేస్తున్నాం.

మన ఇళ్ళలో చాలామంది తల్లిదండ్రులు కడుపు కట్టుకొని బిడ్డలను చదివిస్తున్నారు. ఈసారి ఫలితాల రోజున బిడ్డ తప్పితే, ముందుగా వాడికి కడుపునిండా అన్నం పెట్టండి. మరునాడు తీరికగా బడికి వెళ్ళి మూడు విషయాలు అడగండి. ఆ తరగతిలో ఎంతమంది తప్పారు? ఏ విషయంలో తప్పారు? తప్పినవారికి బడి ఇప్పుడేం చేయబోతోంది? కోపంగా కాదు, మర్యాదగానే అడగండి. అడిగే తండ్రి వస్తాడని తెలిస్తే మా వంటి ఉస్తాదులం కూడా కొంచెం జాగ్రత్తగా ఉంటాం. పరీక్ష రాయకుండా వెల్డింగు షాపుకు వెళ్ళిన ఆ అబ్బాయి తండ్రి ఆనాడు ఈ మూడు ప్రశ్నలు అడిగి ఉంటే మా దగ్గర జవాబు ఉండేది కాదు.